మారుతి 800 యాక్సిలేటర్ కేబుల్ తెగింది, ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

తార్నాక_800 | శుక్రవారం, రాత్రి 9:10

అందరికీ నమస్తే. మాది 1998 మారుతి 800, కార్బురేటర్ మోడల్. సాయంత్రం హబ్సిగూడ సిగ్నల్ దాటగానే యాక్సిలేటర్ పెడల్ ఉన్నట్టుండి వదులైపోయి కిందికి పడిపోయింది. ఇంజన్ ఆగలేదు, ఐడ్లింగ్‌లో నడుస్తూనే ఉంది కానీ పెడల్ తొక్కితే రేస్ లేదు. ఫస్ట్ గేరు వేసి క్లచ్ మెల్లగా వదిలితే ఆ ఐడ్లింగ్ మీదే పాకుతూ రోడ్డు పక్కకు వచ్చింది. అక్కణ్నుంచి మా బావమరిది కారుకు తాడు కట్టి ఇంటికి తెచ్చుకున్నాం.

టార్చి వేసి చూశాను. కార్బురేటర్ వైపు అంతా బాగానే ఉంది. పెడల్ వైపు మాత్రం కేబుల్ చివరి నిపిల్ (తీగ కొసన ఉండే చిన్న లోహపు ముక్క) పెడల్ కొక్కెంలోనే ఉండిపోయి, తీగ దాని మొదట్లో తెగింది. తెగిన చోట పోగులు చీపురులా విచ్చుకుని ఉన్నాయి. వాటిలో కొన్ని తళతళా మెరుస్తున్నాయి, కొన్ని నల్లబడి ఉన్నాయి.

ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, ఇంజన్ ఆయిల్ నేనే మార్చుకుంటాను. డ్యాష్‌బోర్డు కింద దూరి చేసే పని ఎప్పుడూ చెయ్యలేదు. ఇది ఇంటి దగ్గర అయ్యే పనేనా? ఏ పానాలు కావాలి? బండి నాన్నగారిది, అమ్మే ఆలోచన లేదు. కాబట్టి సరిగ్గా చెయ్యాలి.

కొత్త_లైసెన్స్ | శుక్రవారం, రాత్రి 9:32

అన్నా, మా వీధిలో ఒకాయన స్కూటర్ కేబుల్ ఇన్నర్ (లోపలి తీగ) తీసుకుని, చివర స్క్రూ నిపిల్ బిగించి కారుకు వేసిచ్చాడు. చాలా తక్కువలో అయిపోతుంది. పొద్దున్నే ఆఫీసుకు వెళ్లాలంటే అది చూడండి.

పాత_స్పానర్ | శుక్రవారం, రాత్రి 9:58

తమ్ముడూ, ఆ సలహా మాత్రం వద్దు. నేను ఆర్టీసీ వర్క్‌షాపులో చేసి రిటైరయ్యాను, ఇలాంటివి చాలా చూశాను. స్క్రూ నిపిల్ గట్టిగా బిగిస్తే తీగ పోగులను కొరికేస్తుంది, వదులుగా బిగిస్తే జారుతుంది. అంతకంటే ప్రమాదం ఇంకోటి ఉంది. కంపెనీ నిపిల్ గుండ్రంగా ఉండి త్రోటల్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిని తెరిచి మూసే మూత) లివర్ గాడిలో తిరుగుతుంది. స్క్రూ నిపిల్‌కు తల పొడుచుకొచ్చి ఉంటుంది. అది పక్కనున్న బ్రాకెట్‌కు తగులుకుందంటే కాలు తీసినా రేస్ తగ్గదు. కేబుల్ తెగితే బండి ఆగుతుంది, అంతే. త్రోటల్ తెరుచుకుని ఇరుక్కుంటే బండి ఆగదు. ఈ రెండింటికీ ఉన్న తేడా గుర్తుంచుకుంటే చాలు, అలాంటి రిపేరు జోలికి ఎవరూ పోరు.

కార్బురేటర్ మీద ఐడ్లింగ్ స్క్రూ బిగించి, రేస్ పెంచుకుని నడిపేవాళ్లు కూడా ఉన్నారు. సందులోంచి ఇంటి గేటు దాకా అయితే సరే. మెయిన్ రోడ్డు మీద వద్దు. బ్రేకు వేసినప్పుడు కూడా ఇంజన్ ముందుకే తోస్తుంటుంది.

తార్నాక తమ్ముడికి రెండు ప్రశ్నలు. తెగడానికి ముందు కొన్నాళ్లుగా పెడల్ బరువుగా ఉండేదా? సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ బద్ధకంగా తిరిగేదా?

రాణిగంజ్_రోజూ | శుక్రవారం, రాత్రి 10:15

కేబుల్ కొనే ముందు పాతది పూర్తిగా బయటికి తీసి చేతిలో పట్టుకుని వెళ్లండి. మారుతి 800లోనే కార్బురేటర్ బండికీ ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న) బండికీ కేబుల్ వేరు. కౌంటర్ దగ్గర '800 యాక్సిలేటర్ కేబుల్' అని మాత్రమే అడిగితే చేతికి ఏది దొరికితే అది ఇస్తారు. ఇన్నర్ పొడవు, ఔటర్ (తీగ మీది తొడుగు) పొడవు, రెండు చివర్ల నిపిల్ ఆకారం, లాక్ నట్ల మర ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉంది, ఈ నాలుగూ పాతదానితో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఔటర్ పొడవు రెండు వేళ్ల వెడల్పంత ఎక్కువున్నా బిగించాక ఎక్కడో ఒకచోట వంపు తిరుగుతుంది.

రాణిగంజ్‌లో ఆటో స్పేర్స్ షాపులు వరసగా ఉంటాయి, ఒకచోట లేకపోతే పక్కన దొరుకుతుంది. ఆదివారం చాలా షాపులు మూసేస్తారు కాబట్టి రేపే వెళ్లండి. మారుతి జెన్యూన్ దొరికితే మంచిది. లేదంటే సుప్రజిత్ లాంటి కేబుళ్లు తయారుచేసే కంపెనీది సీలు ఉన్న ప్యాకెట్‌లో తీసుకోండి. కవర్ లేకుండా గుత్తిగా వేలాడదీసిన కేబుళ్లు చవగ్గా వస్తాయి, కానీ లోపల ప్లాస్టిక్ లైనర్ ఉందో లేదో తెలియదు. ఇన్నర్ పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగి చూడండి. గరగరమంటే పక్కన పెట్టెయ్యండి.

తార్నాక_800 | శుక్రవారం, రాత్రి 10:41

స్పానర్ గారూ, రెండూ నిజమే. వానాకాలం మొదలైనప్పటి నుంచి పెడల్ బరువుగా ఉంది. కాలు తీశాక రేస్ దిగడానికి కూడా కాస్త టైమ్ తీసుకునేది. సెల్ఫ్ బద్ధకంగా ఉందని బ్యాటరీ కొత్తది వేయించాం, పెద్దగా తేడా రాలేదు. కానీ దీనికీ కేబుల్‌కీ ఏం సంబంధం?

పాత_స్పానర్ | శుక్రవారం, రాత్రి 11:05

సంబంధం ఉంది. అందుకే అడిగాను. ఎర్తింగ్ చూడకుండా కొత్త కేబుల్ బిగించొద్దు.

ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. రబ్బరులోంచి కరెంటు పోదు. స్టార్టర్ తిరగాలంటే వంద ఆంపియర్ల లెక్కలో కరెంటు కావాలి, అదంతా ఇంజన్ బాడీలోంచి బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి చేరాలి. దానికోసమే ఇంజన్‌కో గేర్‌బాక్స్‌కో ఒక లావాటి ఎర్తింగ్ తీగ లేదా అల్లిన రాగి పట్టీ ఉంటుంది. పాతబండ్లలో అది తుప్పు పట్టి, బోల్టు దగ్గర పోగులు తెగి, సగం చచ్చిపోయి ఉంటుంది. అప్పుడు కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఇనుముతో ఉన్న దారులు ఇంకేమున్నాయి? యాక్సిలేటర్ కేబుల్, చోక్ కేబుల్, క్లచ్ కేబుల్. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ ఆ కరెంటులో కొంత వీటిలోంచి పోతుంది. సన్నటి కేబుల్ వేడెక్కుతుంది. లోపలి ప్లాస్టిక్ లైనర్ మెత్తబడి తీగకు అంటుకుంటుంది. పెడల్ బరువెక్కుతుంది, కాలు తీశాక రేస్ దిగదు. మనం ఇంకా గట్టిగా తొక్కుతాం. ఆ లాగుడంతా నిపిల్ మొదట్లో పడుతుంది, ఎందుకంటే తీగ ఎక్కువ వంగేది అక్కడే. ఒక్కో పోగూ తెగుతూ వస్తుంది.

నువ్వు రాసినదాంట్లోనే సాక్ష్యం ఉంది. నల్లబడిన పోగులు ఎప్పుడో తెగినవి. మెరుస్తున్నవి ఇవాళ తెగినవి. ఇవాళ్టి దాకా బండిని నడిపింది ఆ మెరిసే నాలుగు పోగులే.

ప్రతి తెగిన కేబుల్‌కూ కారణం ఎర్తింగే అని అనను. ఇరవై ఏళ్లు దాటిన కేబుల్ అరిగి కూడా తెగుతుంది. కానీ సెల్ఫ్ బద్ధకం, పెడల్ బరువు రెండూ కలిసి వచ్చాయంటే ముందు ఎర్తింగ్ చూడాల్సిందే. లేకపోతే కొత్త కేబుల్ కూడా అలాగే పోతుంది.

మీటర్_మాస్టర్ | శనివారం, ఉదయం 7:20

స్పానర్ గారు చెప్పినదాన్ని కొలిచి చూసుకోవచ్చు. మామూలు మల్టీమీటర్ చాలు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగెటివ్ పోస్టుకే ఆనించాలి, క్లాంపుకు కాదు. ఎర్ర ప్రోబ్ ఇంజన్ మీద పెయింటు లేని శుభ్రమైన లోహానికి ఆనించండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. ఇంజన్ అందుకునేలోపు వచ్చే రీడింగే ముఖ్యం. 0.2, 0.3 వోల్టుల లోపు ఉంటే ఎర్తింగ్ బాగున్నట్టే. అర వోల్టు దాటితే మధ్యలో ఎక్కడో అడ్డు ఉంది.

తర్వాత ఎర్ర ప్రోబ్‌ను కారు బాడీకి ఆనించి మళ్లీ కొలవండి. కొన్ని బండ్లలో నెగెటివ్ తీగ నేరుగా గేర్‌బాక్స్‌కు వెళ్తుంది, కొన్నింట్లో ముందు బాడీకి వెళ్లి అక్కణ్నుంచి పట్టీతో ఇంజన్‌కు వెళ్తుంది. రెండు రీడింగులు పోల్చి చూస్తే అడ్డు ఏ ముక్కలో ఉందో తెలిసిపోతుంది.

మీటర్ లేకపోతే ఇంకో పద్ధతి. జంప్ కేబుల్ ఒకటి తీసుకుని బ్యాటరీ నెగెటివ్ నుంచి నేరుగా ఇంజన్ లోహానికి తగిలించి సెల్ఫ్ కొట్టండి. ఇంజన్ ఒక్కసారిగా చురుగ్గా తిరిగిందంటే ఎర్తింగ్ పోయినట్టే. తగిలించే చోటు బెల్టుకూ ఫ్యానుకూ దూరంగా ఉండాలి.

ఓమ్ని_సవారీ | శనివారం, ఉదయం 8:05

చాలా మంచి విషయం చెప్పారు సార్. నేను మారుతి ఓమ్ని వ్యాన్ తిప్పుతాను. మాకు ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది, కేబుల్ ఫ్లోర్ కింద నుంచి వెనక్కి వెళ్తుంది. రోడ్డు మీది నీళ్లు, బురద అంతా దాని మీదే. వానాకాలం అయిపోయాక కేబుల్ గట్టిపడటం మాకు మామూలే. 2020 అక్టోబరులో వరద వచ్చినప్పుడు మా వైపు బస్తీల్లో చాలా బండ్లు మునిగాయి. ఇంజన్ కడిగించారు, సీట్లు ఆరబెట్టారు, కానీ కేబుళ్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఔటర్‌లోకి వెళ్లిన నీరు అంత తేలిగ్గా ఆరదు, లోపలే ఉండి తుప్పు పట్టిస్తుంది. పాతబండి కొనేవాళ్లు పెడల్ మెల్లగా తొక్కి, మెల్లగా వదిలి చూడాలి. ఎక్కడైనా గరుకుగా తగిలితే కేబుల్ మార్చాల్సిందే.

తార్నాక_800 | శనివారం, మధ్యాహ్నం 1:30

కొలిచాను. ఇంజన్ మీద 0.9 వోల్టులు. బాడీ మీద దాదాపు ఏమీ లేదు. అంటే బాడీ నుంచి ఇంజన్‌కు వెళ్లే పట్టీ దగ్గరే అడ్డు.

కిందికి వంగి చూస్తే గేర్‌బాక్స్ బోల్టు దగ్గర పట్టీ పచ్చగా చిలుము పట్టి ఉంది. వేలితో కదిపితే సగానికి పైగా పోగులు ఊడి వచ్చాయి. తర్వాత పాత కేబుల్ బయటికి తీశాను. కార్బురేటర్ బ్రాకెట్‌కు జానెడు దూరంలో ఔటర్ మీది నల్ల ప్లాస్టిక్ బుడగలు లేచి ఉంది. అక్కడ కోసి చూస్తే లోపలి తెల్ల లైనర్ గోధుమ రంగుకు మారి తీగకు అంటుకుపోయింది. ఫోటో పెట్టాను, చూడండి. చోక్ కేబుల్ కూడా కాస్త బిగుసుకున్నట్టే ఉంది. క్లచ్ కేబుల్ బాగానే ఉంది.

స్పానర్ గారూ, మీటర్ మాస్టర్ గారూ, మీరు చెప్పకపోతే కొత్త కేబుల్ వేసేసి ఊరుకునేవాణ్ని. చాలా థాంక్స్. ఇప్పుడు రాణిగంజ్ బయల్దేరుతున్నాను. పట్టీ కూడా అక్కడే దొరుకుతుందా?

రాణిగంజ్_రోజూ | శనివారం, మధ్యాహ్నం 1:44

దొరుకుతుంది. రెడీమేడ్ ఎర్తింగ్ పట్టీ అడగండి, రెండు చివర్లా లగ్గులు (బోల్టు దూరే రంధ్రమున్న లోహపు చెవులు) నొక్కి ఉంటాయి. పాతదాని పొడవుకు రెండు అంగుళాలు ఎక్కువే తీసుకోండి. ఇంజన్ ఊగుతుంది కాబట్టి పట్టీ బిగుతుగా ఉండకూడదు. కేబుల్ వెళ్లే రేకు రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ ఎండి పగిలి ఉంటే అది కూడా తీసుకోండి. అది లేకపోతే రేకు అంచు ఔటర్‌ను కోసేస్తుంది, వాన నీళ్లు కాళ్ల దగ్గరికి వస్తాయి.

జెన్_నడుపుతా | శనివారం, మధ్యాహ్నం 2:20

తార్నాక గారూ, నేను సైనిక్‌పురిలో ఉంటాను, నాది కార్బురేటర్ జెన్. కేబుల్ నేనే మార్చుకున్నాను. మీ బండికీ పని దాదాపు ఇదే, కాబట్టి చేసిన పద్ధతి రాస్తున్నాను.

అన్నింటికంటే ముందు ఎర్తింగ్ పట్టీ పని అవ్వాలి. బ్యాటరీ నెగెటివ్ తీసేసి, బోల్టు కింద, లగ్గు ఆనే చోట, లోహం మెరిసేదాకా ఎమెరీ కాగితంతో రుద్ది బిగించండి. బిగించాక పైన పెట్రోలియం జెల్లీ రాస్తే మళ్లీ చిలుము పట్టదు.

కేబుల్ వేసే ముందు ఇంజన్ ఆపి ఉండగా త్రోటల్ లివర్‌ను చేత్తో పూర్తిగా తిప్పి వదలండి. టక్కున వెనక్కి రావాలి. మెల్లగా వచ్చినా, మధ్యలో ఆగినా తప్పు కేబుల్‌ది కాదు. కార్బురేటర్ షాఫ్టు జిడ్డు పట్టి ఉండాలి, లేదా స్ప్రింగు బలం పోయి ఉండాలి. అది సరిచెయ్యకుండా కొత్త కేబుల్ వేసి లాభం లేదు. కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి షాఫ్టు రెండు పక్కలా తుడవండి. అప్పటికీ రాకపోతే స్ప్రింగు మార్చాలి.

కొత్త కేబుల్‌ను ముందు పెడల్ వైపు నుంచి తగిలించుకోవడం తేలిక. డ్రైవర్ సీటు పూర్తిగా వెనక్కి జరిపి, ఫ్లోర్ మ్యాట్ తీసేసి, తల పెడళ్ల దగ్గర వచ్చేలా వెల్లకిలా పడుకోవాలి. తలకు లైటు కట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. పెడల్ పైచివర ఒక కొక్కెం ఉంటుంది, దానికి సన్నటి గాడి. తీగను ఆ గాడిలోంచి పక్కగా జార్చి, నిపిల్‌ను దాని గూట్లో కూర్చోబెట్టాలి. మీ బండిలో తెగిన నిపిల్ అక్కడే ఇరుక్కుని ఉందన్నారు, దాన్ని ముందు సన్న ముక్కు ప్లేయర్‌తో తీసెయ్యండి. తెగిన పోగులు సూదుల్లాంటివే, గ్లవ్స్ వేసుకోండి. కింద కార్పెట్ మీద పడ్డ ముక్కలు కూడా ఏరండి.

ఆ తర్వాత ఇంజన్ వైపు. పాత కేబుల్ తీసే ముందు అది ఏ దారిన వెళ్లిందో ఫోటో తీసుకుని ఉంటారనుకుంటాను. అదే దారిన వెయ్యండి. వంపులు పెద్దగా, మెత్తగా ఉండాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు దూరంగా ఉండాలి. అక్కడక్కడ క్లిప్పులుంటే వాటిలో పెట్టాలి కానీ ప్లాస్టిక్ టైతో బిగించి కట్టొద్దు. లాక్ నట్లు రెండూ బ్రాకెట్‌కు చెరో వైపు వదులుగా వేసి, లివర్‌ను చేత్తో తిప్పి పట్టుకుంటే తీగ వదులవుతుంది, అప్పుడు నిపిల్ గాడిలో పడుతుంది. బలవంతంగా లాగాల్సి వస్తోందంటే ఏదో తప్పుగా ఉన్నట్టే.

కొత్త_లైసెన్స్ | శనివారం, మధ్యాహ్నం 2:48

అక్కా, కేబుల్ లోపల గ్రీజు నింపాలా? మా నాన్న నింపాలంటున్నారు.

పాత_స్పానర్ | శనివారం, సాయంత్రం 4:10

మీ నాన్నగారి కాలం కేబుళ్లకు అది సరైనదే. అప్పట్లో ఔటర్ లోపల ఉత్త ఇనుప చుట్టే ఉండేది, నూనె పొయ్యకపోతే తుప్పు పట్టేది. ఇప్పుడు లోపల లైనర్ ఉన్న కేబుళ్లు వస్తున్నాయి. వాటికి గ్రీజు అక్కర్లేదు. చిక్కటి గ్రీజు దుమ్మును పట్టుకుని ముద్దలా తయారై, కేబుల్‌ను ఇంకా బరువుగా చేస్తుంది. నిపిల్ తిరిగే గూటి దగ్గర, పెడల్ పిన్ను దగ్గర చుక్క గ్రీజు రాస్తే చాలు.

అమ్మాయి చాలా చక్కగా రాసింది. సెట్టింగ్ సంగతి నేను కలుపుతాను, ఎక్కువమంది తొందరపడేది అక్కడే.

కేబుల్ మరీ బిగుతుగా పెడితే కాలు తీసినా త్రోటల్ పూర్తిగా మూసుకోదు, ఐడ్లింగ్ ఎక్కువగా ఉంటుంది. అప్పుడు ఐడ్లింగ్ స్క్రూ తిప్పి తగ్గించాలని చూస్తారు, అసలు సెట్టింగ్ అంతా పాడవుతుంది. మరీ వదులుగా పెడితే ఫుల్లుగా తొక్కినా త్రోటల్ పూర్తిగా తెరుచుకోదు, పికప్ ఉండదు. కాబట్టి ఇంజన్ వేడెక్కాక, చోక్ నాబ్ పూర్తిగా లోపలికి నొక్కి ఉండగా, ఇంజన్ ఆపి చూడాలి. బ్రాకెట్‌కీ లివర్‌కీ మధ్య తీగను వేలితో నొక్కితే 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఆట (వదులు) ఉండాలి. చల్లటి ఇంజన్ మీద ఈ ఆట ఎక్కువగా కనిపిస్తుంది, చోక్ లాగితే ఇంకా ఎక్కువ. ఎందుకంటే అప్పుడు ఫాస్ట్ ఐడిల్ లివర్ త్రోటల్‌ను కొద్దిగా తెరిచి పట్టుకుంటుంది. అది చూసి కేబుల్ బిగించేస్తే, ఇంజన్ వేడెక్కాక రేస్ దిగదు.

తర్వాత ఒకరు పెడల్ అడుగుదాకా తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు లివర్ చూడాలి. లివర్ దాని చివరి స్టాపర్‌ను అందుకోవాలి. లివర్ ఆగిపోయాక కూడా పెడల్ ఇంకా కిందికి పోతోందంటే ఆ బలమంతా తీగే మోస్తోంది. పెడల్ కింద స్టాపర్ బోల్టు ఉంటే దాన్ని సరిచేసి, రెండూ ఇంచుమించు ఒకేసారి ఆగేలా పెట్టాలి. ఇది చూసుకోకపోతే కొత్త కేబుల్ కూడా అదే నిపిల్ దగ్గర తెగుతుంది.

లాక్ నట్లు బిగించేటప్పుడు ఒకదాన్ని పానాతో పట్టుకుని రెండోదాన్ని తిప్పు. లేకపోతే సెట్టింగ్ కదిలిపోతుంది. స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో రేస్ ఇచ్చి వదిలి చూడు. స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి చూడు, ఐడ్లింగ్ మారకూడదు. ఫ్లోర్ మ్యాట్ తిరిగి వేశాక అది పెడల్ కిందికి జరగకుండా చూసుకో.

ఓమ్ని_సవారీ | శనివారం, సాయంత్రం 5:02

ఇంత చెప్పారు కాబట్టి అడుగుతున్నాను. నడుస్తుండగా త్రోటల్ ఇరుక్కుంటే ఏం చెయ్యాలి? మా స్టాండ్‌లో ఒకాయనకు మాసబ్‌ట్యాంక్ ఫ్లైఓవర్ దిగుతుంటే అలా అయింది. చాలా కంగారుపడ్డాడు.

పాత_స్పానర్ | శనివారం, సాయంత్రం 5:25

క్లచ్ తొక్కి గేరు న్యూట్రల్‌కు తెచ్చెయ్యాలి. ఇంజన్ గొంతు చించుకుని అరుస్తుంది, అరవనివ్వాలి. బ్రేకు ఒక్కసారే గట్టిగా తొక్కి పట్టుకోవాలి. బూస్టర్ (ఇంజన్ వ్యాక్యూమ్‌తో బ్రేకు బలం పెంచేది) ఉన్న బండిలో వదిలి వదిలి తొక్కకూడదు. త్రోటల్ తెరిచి ఉన్నప్పుడు బూస్టర్‌కు కొత్తగా వ్యాక్యూమ్ అందదు, రెండు మూడుసార్లు వదిలి తొక్కితే ఉన్నది కాస్తా అయిపోయి పెడల్ రాయిలా గట్టిపడుతుంది. బండి నెమ్మదించి పక్కకు వచ్చాక ఇగ్నిషన్ ఆపాలి. నడుస్తుండగానే ఆపక తప్పని పరిస్థితి వస్తే తాళం ఒక్క మెట్టు వెనక్కి తిప్పితే చాలు. తాళం బయటికి లాగారో స్టీరింగ్ లాక్ పడిపోతుంది. నడుస్తున్న బండిలో వంగి పెడల్‌ను చేత్తో పైకి లాగాలని చూడొద్దు, చూపు రోడ్డు మీద నుంచి పోతుంది.

ఇది ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ చెప్పి ఉంచండి. ఖాళీ మైదానంలో ఒకసారి న్యూట్రల్‌కు తెచ్చి బ్రేకు వెయ్యడం అలవాటు చేయించండి. అవసరం పడినప్పుడు ఆలోచించే టైమ్ ఉండదు.

తార్నాక_800 | ఆదివారం, మధ్యాహ్నం 12:15

పని అయిపోయింది. సుప్రజిత్ కేబుల్, ఎర్తింగ్ పట్టీ, గ్రోమెట్, చోక్ కేబుల్ నాలుగూ వేశాను. 10, 12 నంబర్ పానాలు, సన్న ముక్కు ప్లేయర్, స్క్రూడ్రైవర్ సరిపోయాయి. ఎక్కువ టైమ్ పట్టింది గ్రోమెట్‌కే. వేడి నీళ్లలో కాసేపు వేసి తీస్తే మెత్తబడి రంధ్రంలో కూర్చుంది.

పట్టీ మార్చాక మళ్లీ కొలిస్తే 0.1 వోల్టు. సెల్ఫ్ తాకగానే ఇంజన్ అందుకుంటోంది. పెడల్ ఇంత తేలిగ్గా ఉంటుందని మర్చిపోయాం. మా అమ్మ పక్క సీట్లో కూర్చుని, నాన్న నడిపినప్పుడు ఇలాగే ఉండేది అంది. ఉప్పల్ దాకా వెళ్లి వచ్చాం, రేస్ ఎక్కడా ఆగలేదు. ఆట వేడి మీద 4 మిల్లీమీటర్లు పెట్టాను.

జెన్_నడుపుతా | ఆదివారం, మధ్యాహ్నం 12:40

చాలా సంతోషం. కొత్త తీగ మొదట్లో కొద్దిగా సాగుతుంది. కొన్ని వారాలు తిరిగాక ఆట మరోసారి చూడండి, లాక్ నట్లు కూడా చేత్తో కదిపి చూడండి.

డీజిల్_ఇండికా | ఆదివారం, రాత్రి 8:30

ఆలస్యంగా వచ్చాను. మాది పాత ఇండికా డీజిల్. ఇవన్నీ మాకూ వర్తిస్తాయా? డీజిల్‌కు కార్బురేటర్ ఉండదు కదా.

పాత_స్పానర్ | ఆదివారం, రాత్రి 9:05

కేబుల్ సంగతి అంతా వర్తిస్తుంది. మెకానికల్ పంపు ఉన్న పాత డీజిల్ బండ్లలో కేబుల్ వెళ్లి ఫ్యూయల్ ఇంజెక్షన్ పంపు మీది లివర్‌ను లాగుతుంది. లివర్ చేత్తో తిప్పి వదిలి చూడటం, ఆట చూడటం, ఎర్తింగ్ కొలవడం అన్నీ అవే. డీజిల్ స్టార్టర్ ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, కాబట్టి ఎర్తింగ్ పట్టీ మీకు మరీ ముఖ్యం. పంపు మీద సీలు వేసిన స్క్రూలు ఉంటాయి, వాటి జోలికి మాత్రం పోవద్దు.

కొత్త_లైసెన్స్ | ఆదివారం, రాత్రి 9:20

సార్, మా ఇంట్లో ఇంకో కారు కొత్తది. దానికి కేబుల్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మీటర్_మాస్టర్ | ఆదివారం, రాత్రి 9:38

బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే లావాటి పైపు ఇంజన్‌ను కలిసే చోట చూడండి. అక్కడ అర్ధచంద్రాకారంలో చిన్న చక్రం, దానికి తీగ తగిలించి ఉంటే కేబుల్ బండి. తీగ లేకుండా వైర్ల కనెక్టర్ ఒక్కటే ఉంటే ఎలక్ట్రానిక్ త్రోటల్. పెడల్ దగ్గర సెన్సర్ ఉంటుంది, కంప్యూటర్ దాన్ని చదివి మోటార్‌తో త్రోటల్ తెరుస్తుంది. తెగడానికి అందులో కేబుల్ ఉండదు. రేస్ రాకపోతే స్కానర్ పెట్టి కోడ్ చదివించాలి. కానీ ఎర్తింగ్ పట్టీ దానికీ ఉంటుంది, సెల్ఫ్ బద్ధకంగా అనిపిస్తే పైన చెప్పినట్టే కొలవండి.